ఐదో గడి

తుమ్మలబైలు దాటాక జీపుల బాట వదిలి
ఎడమకి దిగితే సాసర్ గుంట.
వేసవిలో ట్యాంకరు వారానికి రెండుసార్లు నీళ్లు పోసి పోతుంది.
ఎదురుగా ఏగి చెట్టు, చెట్టు మీద మంచె,
మంచె మీద నేను, నా ఒళ్లో నోటుపుస్తకం.

పుస్తకం ఇచ్చిన మేడం నాలుగు గడులు గీసింది:
తేదీ. వేళ. మొదట అరిచింది ఎవరు. ఎంతసేపు.
పన్నెండు కొండముచ్చులు. పేర్లొద్దు, నంబర్లు చాలంది.
ఏడో నంబరుకి తోక చివర తెగిపోయింది.
నిరుడు చంకలో పిల్ల ఉండేది.
దాన్ని నేను, పుస్తకానికి తెలియకుండా,
మొండక్క అంటాను.

ఏప్రిల్ పదకొండు, పొద్దున ఆరూ నలభై.
బోదగడ్డి కదిలింది. గాలి లేదు.
మొండక్క దగ్గింది.
దగ్గంటే దగ్గు కాదు,
ఎండిన డప్పుని మడమతో తన్నినట్టు, ఖ్ఖర్, ఖ్ఖక్.
పదకొండు ఒళ్లు పైకొమ్మకి పాకాయి.
అది మాత్రం కిందికొమ్మ మీదే నిలబడి
చూశాను, నిన్ను చూశాను, చూశాను అంటూనే ఉంది.
దొంగని పేరుపెట్టి పిలిచినట్టయింది చిరుతకి.
కూర్చుంది. పాదం నాక్కుంది.
నలభై మూడు నిమిషాలు. నాలుగో గడిలో రాశాను.

ఆ నలభై మూడు నిమిషాల్లో
పైనున్నవి తపసి చిగుళ్లు తిన్నాయి.
దుప్పులు ఎవరినీ అడక్కుండా ఆ కేక వాడుకుని
వాగు దాటిపోయాయి.
దోర్నాల నుంచి వచ్చిన సఫారీ జీపు ఇంజన్ ఆపింది.
"అరుపు అటునుంచే సార్" అని డ్రైవరు వేలు చూపాడు.
ఫోన్లు లేచాయి.
అరుపుకి చిరునామా ఉంటుంది కదా మరి.

మా మామ బయ్యన్న బేస్ క్యాంపు వాచరు.
దుంగలు మోసుకుపోయేవాళ్లని చూసి విజిల్ ఊదాడు.
చీకట్లో, ఊదిన వైపుకే రాయి వచ్చింది.
ఇప్పుడు ఒక పక్కనే నములుతాడు.
ఆ రాత్రి పొదల్లో తలలు దాచుకుని బతికిన ఐదుగురూ
టీ పోసి ఇస్తారు గానీ
ఆ మాట ఎత్తరు.

మేడం అడిగింది:
అరిచినదాన్నే చిరుత పట్టడం ఎప్పుడైనా చూశావా?
లేదు. మూడు వేసవుల్లో ఒక్కసారీ లేదు.
అయితే నష్టం లేనట్టేనా, అంది, తనలో తనే.
నేనేం మాట్లాడలేదు.
ఆమె వెళ్లాక పుస్తకం తెరిచి
స్కేలు లేక తునికాకు ఈనె ఆనించి
ఐదో గడి గీసుకున్నాను. పైన పేరు రాయలేదు.
తిన్న చిగుళ్లు, దిగిన వరస, తాగిన గుక్కలు.
మొండక్క: సున్నా, పన్నెండు, మూడు.
అది దిగేసరికి గుంటలో తేనెటీగలూ, తడి మన్నూ.

మే నెలలో ఒకరోజు, మిట్టమధ్యాహ్నం.
మొండక్క నీళ్ల మీదికి వంగి ఉంది.
వరసలో అదే ముందు. అలా నేనెప్పుడూ చూడలేదు.
దాని వెనక, రాతి మడతలో, రాయి కానిది ఒకటి
బల్లిలా పొట్ట నేలకి ఆనించింది.
మంచె మీదివాళ్లు కలగజేసుకోకూడదు.
అది రూలు. దానికింద నా సంతకం కూడా ఉంది.

దగ్గాను.

నా గొంతే నాకు తెలియలేదు.
పన్నెండూ చెట్టెక్కాయి, మొండక్క కూడా.
పసుపు కళ్లు గుంట వదిలి, గడ్డి వదిలి
చెట్టు మొదలు నుంచి మెట్టు మెట్టుగా ఎక్కి
నా దగ్గర ఆగాయి.

మూడో గడిలో ఏం రాయాలో చాలాసేపు ఆలోచించాను.
పదమూడు అని రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను.
అది కింద నీడలో పడుకుంది, ఏ తొందరా లేనట్టు.
పైకొమ్మల్లో ఎవరో చిగుళ్లు తుంచుతున్న చప్పుడు.
నా సీసా, భోజనం డబ్బా రెండూ
చెట్టు మొదట్లో, సంచీలో ఉన్నాయి.